ఔను అయితే ఒకటి నొక్కండి

నార్బర్ట్ చికోష్, అందరికీ నార్బ్, ఆదివారం ఫోను చేసే వేళ మార్చేశాడు. అక్టోబరులో కాగితం మిల్లు పని లేదని అతన్ని ఇంటికి పంపింది. అప్పటి నుంచీ ఆదివారం పొద్దున్నే కాఫీ కప్పు పక్కన పెట్టుకుని, రాష్ట్రం వారి నంబరుకు ఫోను చేసి, వాళ్ళ ప్రశ్నలన్నిటికీ జవాబులు నొక్కి, ఆ తరవాతే చర్చికి కోటు తొడుక్కునేవాడు. క్రిస్మస్ దాటాక ఆ పని పూజ ముగించుకుని ఇంటికి వచ్చాక చేయడం మొదలుపెట్టాడు.

"వేళెందుకు మార్చావు?" అని భార్య బెర్నడీన్ అడిగింది.

"పొద్దున లైను దొరకడం లేదే, బెర్నీ."

నమ్మడానికి బెర్నడీన్ నిన్న మొన్న కాపురానికి వచ్చిన మనిషి కాదు. ముప్పై నాలుగేళ్ళుగా అతని మెడ చూస్తోంది. అబద్ధం ఆడినప్పుడు ఆ మెడ చెవుల దాకా ఎర్రబడుతుంది. అంత ఎరుపు ఇదివరకు రెండుసార్లే చూసింది, ఆ రెండూ ఆమెకు కొనిపెట్టిన పుట్టినరోజు కానుకలు దాచినప్పటివి. ఫోను వేళ గురించి అంత ఎర్రబడవలసిన పనేమిటో ఆమెకు అర్థం కాలేదు. అర్థం కాకపోవడంతో భయమేసింది.

పని పోయినవాళ్ళకు రాష్ట్రం ఇచ్చే భృతి ఊరికే రాదు. వారం శనివారంతో ముగుస్తుంది. ఆదివారం ఫోను చేసి ఆ వారం సంగతి చెప్పుకోవాలి. చెప్పకపోతే ఆ వారం డబ్బు లేదు. అవతల మాట్లాడేది మనిషి కాదు, ఎప్పుడో రికార్డు చేసి పెట్టిన ఆడగొంతు. ఆ ఆఫీసు రాష్ట్ర రాజధాని మాడిసన్‌లో ఉంటుంది కనుక మిల్లు మగవాళ్ళు ఆ గొంతుకు 'మాడిసన్ వదిన' అని పేరు పెట్టారు. ఈ వారం పని చేశారా? వచ్చిన పని వద్దన్నారా? ఈ వారం ప్రతి రోజూ పని చేయగల స్థితిలో ఉన్నారా? ఔను అయితే ఒకటి నొక్కండి, కాదు అయితే రెండు నొక్కండి. అన్నీ అయ్యాక, చెప్పింది అబద్ధమైతే శిక్ష పడుతుందని కూడా చెబుతుంది, చావు కబురు చల్లగా చెప్పినట్టు.

మొదట్లో ఆ ప్రశ్నలంటే నార్బ్‌కు వేళాకోళంగా ఉండేది. "పని చేయగలరా అని నన్నడుగుతోంది చూడవే! ముప్పై ఒక్క ఏళ్ళలో ఒంట్లో బాగాలేదని నేను మానింది మూడే మూడు రోజులు" అనేవాడు. అది నిజం. నూట మూడు జ్వరంతో అయిదో నంబరు యంత్రం ముందు నిలబడి ఎనిమిది గంటలు కాగితం చుట్టిన మనిషి అతను. మార్చిలో ఆ యంత్రాన్ని మళ్ళీ తిప్పుతారని, పాతవాళ్ళనే పిలుస్తారని మిల్లు మాట ఇచ్చింది. అప్పటిదాకా ఈ ఆదివారాలు గడిస్తే చాలు.

నవంబరులో జింకల వేటకు వెళ్ళినప్పుడు, అతని ఒంట్లో ఏదో తేడా ఉందన్న మొదటి సూచన కనిపించింది. కనిపించింది బెర్నడీన్‌కు కాదు, ఎర్విన్‌కు. ఎర్విన్ నార్బ్‌తో కలిసి మిల్లులో పనిచేసినవాడు, రెండిళ్ళ అవతల ఉంటాడు. నార్బ్ మంచి కొమ్ముల జింకను కొట్టి, దాన్ని లాక్కు రాకుండా పడిపోయిన చెట్టు మీద గంటసేపు కూర్చున్నాడట. చివరికి ఎర్విన్ లాక్కొచ్చాడు. తను కొట్టిన జింకను ఇంకొకడు లాగితే ఆ అడవుల్లో ఏడాదంతా వెక్కిరిస్తారు. ఎర్విన్ కూడా వెక్కిరించాడు. ఆ వెక్కిరింపు వింటూ బెర్నడీన్ మాత్రం మొగుడి కాళ్ళకేసి చూసింది. చీలమండలు వాచి, మేజోళ్ళ అంచు చర్మం మీద గాడి చేసింది.

ఆ తరవాత నేలమాళిగ మెట్లు ఎక్కుతూ మధ్యలో ఆగడం, దగ్గుతో ఆయాసాన్ని కప్పెయ్యడం, ఎడమ చేతిని నలుపుకోవడం ఒకదాని వెనక ఒకటి వచ్చాయి. క్లినిక్‌కి పోదామంటే ఒంటి కాలి మీద లేచేవాడు. మిల్లు ఇచ్చే బీమా డిసెంబరుతో ఆగిపోయింది కాబట్టి ఖర్చుకు భయపడుతున్నాడని ఆమె అనుకుంది. అసలు కారణం జనవరిలో ఒక శుక్రవారం, స్టాష్ బార్‌లో చేపల వేపుడు తింటుండగా తెలిసింది.

"ఒరేయ్ నార్బ్, మన మిల్లు క్లీటస్ గాడి సంగతి విన్నావా?" అన్నాడు ఎర్విన్, రై రొట్టెకు వెన్న రాసుకుంటూ. "మోకాలు నొప్పని డాక్టరు దగ్గరికి పోయాడు. ఆయన ఆరు వారాలు నిలబడి పని చెయ్యొద్దని కాగితం రాసిచ్చాడు. ఈ వెర్రిబాగులోడు ఆదివారం వదినకి ఉన్నదున్నట్టు చెప్పేశాడు! ఇంకేముంది, అయిదు వారాలయింది, చిల్లిగవ్వ రాలేదు."

"డాక్టరు చెప్పాక చెప్పకుండా ఎలా ఉంటాడురా?" అన్నాడు నార్బ్. "తెలిసిపోయింది కదా."

"అదే నేననేది! పోయి తెలుసుకోవడమే తప్పు. తెలియనిది చెప్పకపోతే అబద్ధం ఎలా అవుతుంది?"

"నీ తెలివి తెల్లారినట్టే ఉంది" అంది బెర్నడీన్. "నొప్పి వాడి మోకాలికి తెలియదా, డాక్టరు చెప్పాలా?"

బల్ల చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. నార్బ్ నవ్వలేదు. ఫోర్కు కింద పెట్టి, ఎర్విన్ మాట కొత్తగా వింటున్నట్టు కాకుండా, తన మాటే ఇంకొకడి నోట విన్నట్టు తల వంచుకున్నాడు. బెర్నడీన్‌కు అప్పుడు అర్థమైంది. ఇతను అబద్ధం ఆడటం లేదు. అబద్ధం ఆడకుండా ఉండటానికే డాక్టరు గడప తొక్కడం లేదు.

కారులో అడిగేసింది. "అందుకేనా రానంటున్నావు? ఆయన ఏం రాస్తాడోనని?"

"నాకు జబ్బని ఏ డాక్టరూ చెప్పలేదు."

"నువ్వు పోతే కదా చెప్పడానికి!"

"చెప్పలేదు. అంటే లేదు."

"ఊపిరాడక మెట్ల మీద ఆగుతున్నావు, నార్బ్. నేను చూడటం లేదనుకున్నావా?"

"మిల్లులో రోజంతా కాళ్ళాడేవి, ఇప్పుడు కూర్చుని తింటున్నాను. ఒళ్ళొచ్చింది. అంతే." తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు. "ఇప్పుడు నా పేరు మీద పనికిరాడని ఒక కాగితం పుట్టిందనుకో, మార్చిలో మిల్లు వాళ్ళు నన్ను పిలుస్తారా? ఒక్క ఆరు వారాలు ఓపిక పట్టు."

ఆ ఆరు వారాలు అతనికి ఉన్నాయో లేదో ఎవరు చెబుతారు? ఆ మాట నోటిదాకా వచ్చింది. అంటే నిజమవుతుందేమోనని మింగేసింది.

జనవరి ఆఖరి ఆదివారం చర్చిలో సత్ప్రసాదానికి వరస కదిలింది. వాళ్ళ బెంచీ వంతు వచ్చింది. బెర్నడీన్ లేచింది. నార్బ్ లేవలేదు. పక్కకు ఒదిగి మోకాళ్ళు దగ్గరకు లాక్కుని, తక్కినవాళ్ళు దాటుకుపోవడానికి దారి ఇచ్చాడు. ఒప్పుకోని పాపం ఉన్నవాళ్ళు దాన్ని ముట్టకూడదు కనుక, ఆ చర్చిలో సత్ప్రసాదానికి లేవని మనిషిని అందరూ చూస్తారు, చూడనట్టు నటిస్తారు. ముందుకు నడుస్తూ బెర్నడీన్ వెనక్కి తిరిగి చూసింది. మొగుడు ముఖం రెండు చేతుల్లో పెట్టుకుని మోకరిల్లి ఉన్నాడు, మెడ ఎర్రగా ఉంది.

అప్పుడు ఫోను వేళ ఎందుకు మారిందో ఆమెకు తెలిసింది. పూజకు ముందు ఒకటి నొక్కి, ఆ చేతులతోనే ప్రసాదం అందుకోలేక పూజ తరవాతకు జరిపాడు. వారం మధ్యలో ఎక్కడో ఆ పాపం అరిగిపోతుందనుకున్నాడు. ఇప్పుడు వారమంతా గడిచినా అరగడం లేదు. డాక్టరు చెప్పలేదు కాబట్టి తెలియదని మాడిసన్‌ను నమ్మించగలడు, ఎర్విన్‌ను నమ్మించగలడు. తనకు మాత్రం తెలుసు. ఎంత జబ్బుందో తెలిసీ పెదవి విప్పని ఆ మొండితనం మీద ఆమెకు ఒళ్ళు మండింది. నాలుక మీద ప్రసాదం ఉండగానే మొగుణ్ణి మనసులో తిట్టుకుంది.

ఇంటికి వచ్చాక అతను వంటింటి కుర్చీలో కూలబడ్డాడు. తీగ లేని ఫోను బల్ల మీద ఆమె వైపు తోశాడు.

"వేళ్ళు తిమ్మిరెక్కాయే. చలికి. నువ్వు నొక్కు."

"చేతి తొడుగులు వేసుకున్నావుగా?"

"నొక్కవే బాబూ, మళ్ళీ లైను దొరకదు. రహస్య సంఖ్య మన పెళ్ళి సంవత్సరం."

ఆ సంగతి ఆమెకు అంతవరకూ తెలియదు. ఒకటి, తొమ్మిది, ఏడు, రెండు నొక్కింది. ఈ జవాబులు మీరే ఇవ్వాలి, మీ బదులు మరొకరు ఇవ్వడం నేరం, అంది గొంతు. పని చేశారా? రెండు. పని వద్దన్నారా? రెండు. ఈ వారం ప్రతి రోజూ పని చేయగల స్థితిలో ఉన్నారా?

బెర్నడీన్ మొగుడి వైపు చూసింది. మోచేయి నుంచి మణికట్టు దాకా నలుపుకుంటున్నాడు, పెదవుల అంచులు నీలంగా ఉన్నాయి. పెళ్ళాం మాట విననివాడు రాష్ట్రం మాట వింటాడు. కాదంటే రాష్ట్రం వాళ్ళు డాక్టరు నింపవలసిన కాగితం ఒకటి పంపుతారని, తనతో బడి వంటశాలలో పనిచేసే క్లీటస్ భార్య చెప్పింది. ఆ కాగితం వస్తే పోక తప్పదు.

రెండు నొక్కింది.

ఎన్ని రోజులు పని చేయలేకపోయారు, అని అడిగింది గొంతు, కించిత్తు కూడా ఆశ్చర్యం లేకుండా. ఏడు నొక్కింది.

"ఏంటే, ఇవాళ ఇంతసేపు?"

"లైను బాగాలేదు" అంది. అని, తన మెడ అతనికి కనబడకుండా సింకు వైపు తిరిగింది.

మంగళవారం బ్యాంకులో పడవలసిన డబ్బు పడలేదు. బ్యాంకువాళ్ళకు ఒళ్ళు బద్ధకమన్నాడు నార్బ్. బుధవారమంతా మంచు కురిసింది. గురువారం బడి మూసేశారు, అందుకే మధ్యాహ్నం ఉత్తరాలు తెచ్చే మనిషి మోకాలి లోతు మంచులో నడిచి వచ్చేసరికి బెర్నడీన్ ఇంట్లోనే ఉంది. ఈ నాలుగు రోజులూ ఆమె చేసిందల్లా అతని ఊపిరి వినడమే. ఈ ఉత్తరం కోసం కాచుకుని కూడా, వచ్చాక విప్పడానికి చెయ్యి రాలేదు.

నార్బ్ విప్పాడు. కళ్ళజోడు పెట్టుకుని రెండుసార్లు చదివాడు. వెనక డాక్టరు నింపే కాగితం ఉంది. దాన్ని బల్ల మీద పరిచి, మడత చేత్తో సాపు చేశాడు.

"నువ్వు రెండు నొక్కావు."

"నొక్కాను."

"ముప్పై ఒక్క ఏళ్ళే, బెర్నీ! నాకు చేతకాదని నా నోటితో ఒక్కరోజు అనలేదు. నువ్వు నా పేరు మీద, నా సంఖ్య కొట్టి, చేతకానివాడని రాయించావు."

"నువ్వు చెప్పి ఉంటే నేనెందుకు నొక్కుతాను? ఆదివారం ఊరందరి ముందూ మోకాళ్ళ మీద ఉండిపోయావే, అదెవరికి చెప్పావు? దేవుడికి చెప్తావు, పెళ్ళానికి చెప్పవా?"

అతని మెడ ఎర్రబడింది.

"నువ్వు పోతావని నాకు భయంగా ఉంది" అంది ఆమె. అంతవరకూ మింగిన మాట అలా బయటికి వచ్చేసింది. "డబ్బు పోతే పోనీ. మిల్లు పోతే పోనీ. నువ్వు పోతే నేనేం చెయ్యను?"

"సరే" అన్నాడు చివరికి. "రేపు పొద్దున క్లినిక్‌కి పోదాం. సరేనా? ఆయనే రాస్తాడు, శుభ్రంగా పని చెయ్యగలడని. అప్పుడు నువ్వే ఫోను చేసి నీ తప్పు దిద్దుకుందువుగాని."

బెర్నడీన్ గెలిచాననుకుంది. అతను లేచి, తలుపు పక్కన కొక్కేనికి ఉన్న కోటు తీసుకున్నాడు.

"ఎక్కడికి?"

"మంచు తియ్యొద్దా? రేపు కారు బయటికి రావాలంటే దారి ఉండాలి కదా."

"ఎర్విన్ వస్తాడు, వాడి బండికి మంచు తోసే పలక ఉందిగా. ఫోను చేస్తాను."

"ఎర్విన్ ఎందుకు? నా జింకని లాగాడు, ఇక నా వాకిలి కూడా వాడే ఊడుస్తాడా? చేతకానివాణ్ణని మాడిసన్‌కి చెప్పావు, ఇక వీధికి కూడా చెప్తావా?"

"నార్బ్, నీకు దణ్ణం పెడతాను."

తలుపు మూసుకుంది. డాక్టరు దగ్గరికి పంపాలని పన్నిన పన్నాగం అతన్ని మంచులోకి పంపింది. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడటమంటే ఇదే. ఆ సామెత ఆమె నవ్వుతూ ఎన్నిసార్లు ఎవరెవరి మీద వాడిందో!

కిటికీలోంచి చూసింది. పార నేలను గీకిన చప్పుడు, ఆ వెంటనే మంచు పక్కన పడిన చప్పుడు. మళ్ళీ గీకుడు, మళ్ళీ పడటం. మొదట నిదానంగానే తీస్తున్నాడు. ఇంటి దగ్గర మంచు మెత్తగా ఉంది. వాకిలి చివర మాత్రం, ఊరి బండి రోడ్డు మీది మంచంతా తోసుకుంటూ పోయి, నడుమెత్తు గట్టు పెట్టి వెళ్ళింది. అది రాయిలా బిగిసి ఉంటుంది. పాతికేళ్ళ కుర్రాళ్ళు కూడా దాన్ని తిట్టుకుంటూ తీస్తారు.

గట్టు దాకా వెళ్ళి నార్బ్ ఆగాడు. పార మీద వాలి, కిటికీ వైపు తిరిగాడు. ఆమె చూస్తోందని అతనికి తెలుసు. తొడుగు వేసిన చెయ్యి పైకెత్తి ఒక వేలు చూపించాడు. ఔను అయితే ఒకటి.

భయంలో కూడా బెర్నడీన్‌కు నవ్వొచ్చింది. ఈ మనిషిని ఏం చెయ్యాలి? తల కొట్టుకున్నట్టు అభినయించింది. అతను తిరిగి గట్టులో పార దిగేశాడు.

ఫోను తీసి ఎర్విన్ నంబరు కొట్టింది.

"ఎర్విన్, నీ బండి తీసుకుని రా. మీవాడు గట్టు తవ్వుతున్నాడు."

"ఎవరూ, నార్బా? తవ్వనీ, ఒళ్ళు కరుగుతుంది."

"అతనికి గుండెలో ఏదో అయింది, ఎర్విన్! నెలల నుంచీ అవుతోంది. నువ్వు చేపలు తింటూ చెప్పిన తెలివితక్కువ మాట పట్టుకుని డాక్టరు దగ్గరికి పోలేదు. వచ్చి ఆ పార లాక్కో."

అవతల నవ్వు ఆగిపోయింది. "పది నిమిషాలు" అన్నాడు ఎర్విన్. "వస్తున్నా."

ఫోను చేతిలో ఉండగానే ఆమెకు ఏదో తక్కువైనట్టు అనిపించింది. వంటింట్లో ఫ్రిజ్ మోత వినబడుతోంది. గోడ గడియారం వినబడుతోంది. ఇంతసేపూ ఆ రెండూ వినబడలేదు. పార గీకిన చప్పుడు లేదు.

ఇంట్లో తొడుక్కునే చెప్పులతోనే పరిగెత్తింది. నార్బ్ గట్టుకు ఆనుకుని కూర్చున్నాడు, సగం తవ్విన చోట. టోపీ పడిపోయింది. ముఖం పాత సత్తుగిన్నె రంగులో ఉంది. కళ్ళు తెరిచే ఉన్నాయి.

తొమ్మిది, ఒకటి, ఒకటి. ఆపదలో కొట్టే ఆ మూడంకెలూ ఎలా నొక్కిందో ఆమెకు గుర్తులేదు. అవతల ఆడగొంతు పలికింది. నింపాదిగా, మెత్తగా, తొందర లేకుండా. చిరునామా అడిగింది, బెర్నడీన్ చెప్పింది. ఏమైందని అడిగింది, అదీ చెప్పింది.

"బండి బయల్దేరింది. ఆయనకి స్పృహ ఉందా?"

బెర్నడీన్ అతని కళ్ళలోకి చూసింది. ఆ కళ్ళు ఆమెనే చూస్తున్నాయి. బొటనవేలితో ఒకటి నొక్కింది. ఫోనులో కీచుమంది.

"అమ్మా? ఉన్నారా?"

మళ్ళీ ఒకటి నొక్కింది.

"అమ్మా, అంకెలు నొక్కకండి. నేను మనిషినే, వింటున్నాను. నోటితో చెప్పండి. స్పృహ ఉందా?"

"ఉంది" అంది బెర్నడీన్. తన గొంతు తనకే కొత్తగా వినిపించింది. "చూస్తున్నాడు."

"ఊపిరి తీసుకుంటున్నారా?"

అతని నోటి దగ్గరికి వంగింది. చలిలో ఊపిరి కంటికి కనబడుతుంది. తెల్లని ఆవిరి కొంచెం వచ్చింది. పోయింది. ఆమె మంచులో మోకాళ్ళ మీద కూర్చుని రెండోదాని కోసం కాచుకుంది. చాలాసేపటికి వచ్చింది, ఇంకా చిన్నదిగా.

"ఔను" అంది.

నార్బ్ పెదవులు కదిలాయి. మాట రాలేదు. మంచు మీద ఉన్న అతని కుడి చెయ్యి కొంచెం లేచింది. తొడుగు ఊడిపోయి ఉంది, వేళ్ళు మైనంలా ఉన్నాయి. ఒక వేలు నిటారుగా పెట్టాడు. కాసేపటికి దాని పక్కన ఇంకోటి పెట్టాడు.

రెండు.

"చూశాను" అంది బెర్నడీన్, ఏడుస్తూ. "చూశాను, నార్బ్. నాకు చెప్పావు, అది చాలు. ఇంకేం నొక్కనక్కర్లేదు."

ఆ రెండు వేళ్ళనూ పిడికిట్లో పట్టుకుంది. చెవి దగ్గర ఆ గొంతు ఇంకా అడుగుతూనే ఉంది, ఊపిరి ఉందా అని, మళ్ళీ ఉందా అని. వీధి చివర ఎర్విన్ బండి దీపాలు కనబడ్డాయి, వెనక ఎక్కడో దూరంగా సైరన్ మొదలైంది. బెర్నడీన్ అటు చూడలేదు. అతని పెదవుల మీద నుంచి కళ్ళు తిప్పకుండా, తరవాతి ఆవిరి కోసం చూస్తూ కూర్చుంది.